ఒంటితలనొప్పి, ఆక్సిజన్ గది

మా అమ్మకు నెలకు రెండు మూడుసార్లు ఒంటితలనొప్పి వచ్చేది. పలమనేరు దగ్గర మా పల్లెలో అప్పట్లో దాన్ని మైగ్రేన్ అని ఎవరూ అనలేదు. పాత చీర చెరుగు తలకు బిగించి కట్టుకుని, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, ధాన్యం మూటలుండే గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పాలు పిండే వేళకు మాత్రం లేచేది. "తలకాయ నొస్తా ఉండాదని పడుకుంటే ఆవులకు తెలుస్తాదా?" అనేది మా అవ్వ. అమ్మది నిజంగా నొప్పో, పని తప్పించుకునే సాకో ఆ ఇంట్లో ఎవరూ తేల్చుకోలేదు. నేను కూడా.

ఆ గది గూట్లో ఎప్పుడూ ఒక అమృతాంజనం సీసా ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన వ్యాపారం అది. దాని రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడకకొచ్చాయి. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని కాబట్టి ఈ సంగతి క్లాసులో చాలాసార్లు చెప్పాను. తెలుగు సాహిత్య చరిత్రలో కొంత భాగం తలనొప్పుల మీద వచ్చిన డబ్బుతో నడిచిందని అనుకున్నానే గానీ, ఆ నుదుళ్లు ఎవరివని అడగలేదు. మన భాషలో తలనొప్పి అంటే చికాకు కూడా. "అదో పెద్ద తలనొప్పి" అంటాం, మనిషిని చూపించి.

థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్నప్పుడు నొప్పి నాకూ వచ్చింది. ముందు కంటి మూల వంకరటింకర వెలుగు గీతలు, తర్వాత ఎడమ కణతలో సుత్తిపోటు, వాంతి. తిరుపతిలో ఒకచోట, ఆక్సిజన్ గదిలో పది సిట్టింగులు కూర్చుంటే ఇక రాదన్నారు. డబ్బు కట్టేముందు చదవడం మొదలుపెట్టాను.

ఆ గది కొత్తదేమీ కాదు. 1662లోనే ఇంగ్లండులో హెన్షా అనే ఆయన తిత్తులతో గాలి ఒత్తిడి పెంచే గదిని ఊహించాడు. తర్వాతి కాలంలో అది సముద్రం అడుగు నుంచి తొందరగా పైకొచ్చి జబ్బుపడే ఈతగాళ్లకు పనికొచ్చింది. మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది రక్తద్రవంలో ఎక్కువగా కరుగుతుంది, రక్తనాళాలు కుంచించుకుంటాయి. తలనొప్పికి దీన్ని ఎందుకు వాడారో ఇక్కడే ఉంది. 1938లో గ్రాహం, హారోల్డ్ వోల్ఫ్‌లు ఎర్గోటమిన్ ఇచ్చినప్పుడు కణత నాడి కొట్టుకోవడం తగ్గి నొప్పి కూడా తగ్గుతుందని చూపారు. రక్తనాళాలు ఉబ్బడమే మైగ్రేన్ అని చాలాకాలం నమ్మారు. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వాల్టర్ ఆల్వరెజ్ తన సహచరుడితో కలిసి, ఒత్తిడి గది లేకుండానే, తలనొప్పి రోగులకు స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టించి ఫలితాలు ప్రచురించాడు.

ఈ ఆల్వరెజ్ దగ్గరే నేను ఆగిపోయాను. ఏడేళ్ల తర్వాత, 1947లో, ఆయన 500 కేసుల మీద ఇంకో వ్యాసం రాశాడు. విషయం మైగ్రేన్ వ్యక్తిత్వం. అందులో మైగ్రేన్ స్త్రీకి పొందికైన చిన్న శరీరం, బిగువైన రొమ్ములు ఉంటాయి. చక్కగా తయారవుతుంది, చురుగ్గా కదులుతుంది, ఆమె బుద్ధి ఆత్రంగా ఉంటుంది. వైద్య పత్రికలో! మన ప్రబంధాల్లో నాయికా వర్ణనల మీద అధ్యాయం రాసిన నాకు ఆ వరసంతా బాగా పరిచయం. నొప్పికి ఆక్సిజన్ ఇచ్చిన చేయే, నొప్పి పడే మనిషి ఒంటిని అలా చూసి రాసింది. వోల్ఫ్ అయితే ఆశయాలు ఎక్కువ, అన్నీ లోపం లేకుండా చేయాలన్న తపన ఎక్కువ అన్నాడు. అంటే జబ్బు నాళాల్లో ఉన్నా తప్పు స్వభావంలో ఉంది. మా అవ్వ అన్నదీ ఇంతే, కాకపోతే ఆమె దానికి గ్రాఫులు గీయలేదు.

అదే మేయో క్లినిక్‌లో 1939లో హార్టన్ బృందం వర్ణించిన ఇంకో తలనొప్పి ఉంది. ఇప్పుడు దాన్ని క్లస్టర్ తలనొప్పి అంటున్నారు. అది ఎక్కువగా మగవాళ్లకు వస్తుంది. మాస్కుతో ఆక్సిజన్ దానికి ప్రామాణిక వైద్యమైంది. 2009లో వచ్చిన లండన్ ప్రయోగంలో 15 నిమిషాల్లో 78 శాతం పోట్లు తగ్గాయి, మామూలు గాలితో 20 శాతమే. రెండూ వేరు జబ్బులు, నిజమే. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. దానికి ఒత్తిడి గది ఎంత పనిచేస్తుందో చెప్పే ఆధారం మాత్రం చాలా చిన్నది. 2015 కోక్రేన్ సమీక్షకు దొరికినవి ఈ రెండు జబ్బులకూ కలిపి 11 ప్రయోగాలు, 209 మంది. నొప్పి వచ్చినప్పుడు మైగ్రేన్‌ను తగ్గించవచ్చట, అదీ 58 మంది మీద, నాణ్యత తక్కువైన ఆధారంతో. మళ్లీ రాకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదు. నాకు అమ్మజూపింది సరిగ్గా ఆ లేనిదాన్నే.

పోనీ వచ్చినప్పుడైనా వెళ్దామంటే, ఎలా? వెలుతురు చూడలేని మనిషి పలమనేరు వైపు నుంచి తిరుపతికి ఎండలో, హారన్ల మధ్య మూడు గంటలు బస్సులో రావాలి. లోపల చెవులు దిబ్బడలు పడతాయి, మూసిన గది అంటే భయమున్నవాళ్లకు అదొక శిక్ష. తిరుపతిలో ఆక్సిజన్ అన్న మాట మామూలు మాట కూడా కాదు. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ఆ ఊళ్లోనే ఆక్సిజన్ పది సిట్టింగుల ప్యాకేజీగా నా ముందుకొచ్చింది.

నేను డబ్బు కట్టలేదు. నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రక్తనాళాల కథ ఇప్పుడు వెనక్కి పోయిందని, ముఖానికి వెళ్లే నరమూ, అది వదిలే సీజీఆర్‌పీ అనే పదార్థమూ ముందుకొచ్చాయని, దాన్ని అడ్డుకునే మందులు 2018 నుంచి వస్తున్నాయని చెప్పింది. ముందు మూడు నెలలు నొప్పి వచ్చిన రోజులు రాసుకురమ్మంది.

ఆ ఆదివారం ఊరికి వెళ్లి అమ్మతో ఈ మాట చెప్పాను. అమ్మ అటక మీద నుంచి పాల లెక్క రాసిన పాత క్యాలెండర్ల కట్ట దించింది. ఉదయం ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు. కొన్ని తేదీల మూల పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు. డెయిరీవాళ్లు రాని రోజులేమో అనుకున్నాను. ఆ రోజుల్లోనూ పాల లెక్క ఉంది.

"అవి నా తలకాయ నొచ్చిన దినాలు" అంది అమ్మ. "ఎవురన్నా అడిగితే చూపిద్దామని పెట్టుకున్నా."