దెబ్బ తగలాలి.. గాయం కాకూడదు!

జపాన్ కత్తిసాములో నిజమైన పోరును తెచ్చింది ఉక్కు కాదు.. వెదురు బద్దలు, ఇనుప ఊచల ముసుగు

జపాన్ వీరగాథల్లో మియమోతో ముసాషీది పెద్ద పేరు. 1612లో ఒక చిన్న దీవిలో ససాకీ కొజిరో అనే ఖడ్గవీరుణ్ని అతను ఒక్క వేటుతో నేలకూల్చాడని చెబుతారు. ఆ వేటు వేసింది చెక్క కత్తితో! అంచు లేకపోయినా ఎముకలు విరిచే సత్తా దానికుంది. మరి అలాంటి కత్తితో రోజూ సాధన చేయాల్సిన శిష్యుల గతేమిటి?

గురువులు ఎంచుకున్న దారి ‘కతా’. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముందే అనుకున్న వరుసలో కత్తులు కలుపుతారు. వేటు ఒంటికి తగలకముందే ఆపేస్తారు. ప్రాణభయం లేదు. కానీ ఎదుటివాడు ఎటు నుంచి వస్తాడో ముందే తెలిసిన పోరులో తెగువతో పనిలేదు. ఎంత దూరం నుంచి కొడితే తగులుతుందో కచ్చితంగా తేలదు.

తోలు సంచిలో వెదురు

ఈ చిక్కును విప్పే ప్రయత్నం 16వ శతాబ్దంలోనే మొదలైంది. షింకగే అనే కత్తిసాము శాఖకు ఆద్యుడైన కమిఇజుమి నొబుత్సునా వెదురును సన్నగా చీల్చి, తోలు సంచిలో తొడిగి సాధన కత్తి తయారుచేశాడని ప్రసిద్ధి. దెబ్బ పడగానే లోపలి చీలికలు వంగి ఆ జోరును చాలావరకు మింగేస్తాయి. చురుక్కుమంటుందే గానీ ఎముక విరగదు. యగ్యూ కుటుంబం నిలబెట్టిన ఆ శాఖలో ఈ తోలు సంచి కత్తి నేటికీ వాడుకలో ఉంది.

ముఖానికి ఇనుప ఊచలు

1603లో తొకుగావా పాలన మొదలైంది. కొన్ని దశాబ్దాలకు యుద్ధాలు సద్దుమణిగాయి. సమురాయ్‌ల నడుమున కత్తి ఉంది, దాన్ని దూసే రణరంగం లేదు. కత్తిసాము నానాటికీ చూడముచ్చటైన విన్యాసంగా మారిపోతోందన్న విమర్శలు వచ్చాయి.

18వ శతాబ్దం ఆరంభంలో జికిషింకగే శాఖకు చెందిన నగనుమా షిరోజయెమోన్ ముఖానికీ చేతులకూ వేసుకునే కవచాలను మెరుగుపరిచాడు. 1750ల్లో ఇత్తో శాఖ గురువు నకనిషి చూజో మరో అడుగు ముందుకేశాడు. ముఖానికి ఇనుప ఊచల ముసుగు, ఛాతీకి వెదురు కవచం ఇచ్చి శిష్యులను వెదురు కత్తులతో బరిలోకి దింపాడు. ఇక చెయ్యి ఆపుకోనక్కర్లేదు. కొట్టిన దెబ్బ తగిలిందో లేదో వాదన అక్కర్లేదు. కతాయే అసలు విద్య అని నమ్మినవాళ్లకు ఇది మింగుడుపడలేదు. అయినా కొత్త పద్ధతి ఆగలేదు. 19వ శతాబ్దానికి ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, చిబా షూసకు వంటి గురువుల శిక్షణశాలలు శిష్యులతో కిటకిటలాడాయి. వేర్వేరు శాఖలవాళ్లు ఒకరితో ఒకరు తలపడటం మామూలైంది.

రక్షణ పెరిగితే పోరు మెత్తబడుతుందని అనుకుంటాం. ఇక్కడ జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. కవచం వచ్చాకే సాధనలో నిజం వచ్చింది.

కత్తి మరీ పొడవైతే?

అయితే రక్షణ ఒక్కటే చాలదని కూడా త్వరలోనే తేలింది. 1830ల్లో యనగావా ప్రాంతం నుంచి ఒయిషి సుసుము అనే పొడగరి ఎడోకి వచ్చాడు. అతని చేతిలోని వెదురు కత్తి ఒకటిన్నర మీటర్లు దాటేది. దూరం నుంచే పొడిచి పేరున్నవాళ్లను సైతం ఓడించాడు. అది చూసి పొడవాటి వెదురు కత్తులు మోజుగా మారాయి. కానీ అంత పొడవైన ఉక్కు కత్తిని నడుముకు కట్టుకుని తిరిగేదెవరు? సాధన సురక్షితమే, నేర్చుకున్నది మాత్రం కత్తిసాము కాకుండా పోతోంది. 1856లో ప్రారంభమైన ప్రభుత్వ సైనిక శిక్షణ సంస్థ కోబుషో ఈ పొడవును 3 షాకుల 8 సున్‌లకు, అంటే సుమారు 115 సెంటీమీటర్లకు పరిమితం చేసింది. ఈ కత్తిసాముకు నేటి రూపమైన కెండోలో పెద్దల పోటీలకు గరిష్ఠ పొడవు 120 సెంటీమీటర్లు. పురుషుల కత్తి బరువు 510 గ్రాములకు తగ్గకూడదు.

నాలుగు బద్దల కథ

ఈ వెదురు కత్తి పేరు షినాయ్. నాలుగు వెదురు బద్దలను ఒకచోట చేర్చి, కొసకు తోలు తొడుగు, పిడికి తోలు తొడుగు వేస్తారు. కొస నుంచి పిడి వరకు ఒక తీగను బిగించి కడతారు. తీగ ఉన్న వైపు కత్తికి వీపు. దాని ఎదుటి వైపు అంచు. గుండ్రని వెదురుకు అంచేమిటని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆ అంచుతో, కొస దగ్గరి భాగంతో, సరైన నిలకడతో తగిలిన దెబ్బకే పాయింటు. వస్తువు తీసేసిన పదునును నియమం తిరిగి తెచ్చిపెడుతుంది.

ప్రమాదం పొంచి ఉండేదీ ఈ బద్దల్లోనే. పగిలిన వెదురు పేడు ముసుగు ఊచల సందులోంచి దూరితే కన్ను పోవచ్చు. అందుకే బరిలోకి దిగేముందు ప్రతి బద్దనూ వేళ్లతో తడిమి చూస్తారు. పేడు లేస్తే చెక్కి నునుపు చేస్తారు. చీలిక కనిపిస్తే ఆ బద్దను పక్కన పడేస్తారు.

ఇలాంటి జాగ్రత్త మనకూ అవసరమే. మన పిల్లలు బాక్సింగ్‌కో, తైక్వాండోకో, కరాటేకో వెళుతున్నారు. చేర్పించేముందు పతకాల గురించి అడిగినట్టే హెడ్‌గార్డులు, గ్లవ్స్, ప్యాడ్లు ఎలా ఉన్నాయో చూడండి. అవి పిల్లల కొలతకు సరిపోతున్నాయా, చిరిగితే మారుస్తున్నారా అని కోచ్‌ను అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కోకుండా సామాన్ల గది తెరిచి చూపించే కోచ్ దగ్గరే పిల్లల్ని చేర్పించండి.