ఆ కాగితం ఎవరు చదివారు?

పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, చిన్నదానికి పదకొండు నిండాయి కదా. డాక్టరమ్మ ఆ క్యాన్సర్ టీకా వేయించమంటోంది. వేయించమంటావా?" నన్ను అడగడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట, ఉద్యోగం చేసుకుంటూనే, బయోఎథిక్స్‌లో ఒక పీజీ డిప్లొమా చేశాను. వైద్యంలో, వైద్య పరిశోధనలో ఏది న్యాయం, ఏది అన్యాయం అని తర్కించే చదువది. మా ఇంట్లో మాత్రం దాన్ని సగం డాక్టరు చదువు కిందే లెక్కేస్తారు. కాదని చెప్పి చెప్పి ఊరుకున్నాను.

"వేయించక్కా" అనే అన్నాను. కానీ ఆ మాట నోట్లోంచి రావడానికి కొంచెం టైం పట్టింది. టీకా మీద అనుమానంతో కాదు. ఆ టీకా పేరు వింటే నాకు కొన్ని కాగితాలు గుర్తొస్తాయి. వాటి సంగతి చెప్పాలంటే ముందు ఈ చదువు ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

నేనిందులో చేరడం వెనక పెద్ద ఆదర్శాలేం లేవు. ఒకప్పుడు మా టీం ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాసేది. అందులో సమ్మతి పత్రం స్క్రీన్ నా వంతు. సంతకం పడితే తప్ప తర్వాతి పేజీకి వెళ్ళకూడదు, అదీ రూల్. 'రోగికి ఏమవుతారు' అన్నచోట భర్త, తండ్రి, కొడుకు అని ఉండి, చివర్న 'ఇతరులు' అని ఉండేది. టెస్టింగ్‌లో అందరం 'ఇతరులు' నొక్కి, ఏదో ఒక గీత గీసి ముందుకెళ్ళిపోయేవాళ్ళం. ఆసుపత్రుల్లోనూ చాలాచోట్ల అదే జరుగుతోందని తర్వాత డేటా చూస్తే తెలిసింది. సంతకం ఉందా లేదా అని మా ప్రోగ్రాం చూస్తుంది. ఆ కాగితం ఎవరైనా చదివారా అన్నది దానికి అక్కర్లేదు. ఆ సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది.

తీరా చేరాక మొదటి సెమిస్టరంతా నాలుగు సూత్రాలు. మనిషికి తన గురించి తాను నిర్ణయించుకునే హక్కు, కీడు చేయకపోవడం, మేలు చేయడం, న్యాయం. టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు 1979లో రాసిన పుస్తకం నుంచి వచ్చినవివి. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంతో ఉన్న సంబంధం వల్ల గిట్టనివాళ్ళు దీన్ని 'జార్జ్‌టౌన్ మంత్రం' అని వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింతలో నిజం లేకపోలేదు. ఏ కేసు ఇచ్చినా ఈ నాలుగింటినీ వరసగా అప్పజెప్పి మార్కులు తెచ్చుకోవచ్చు, ఎక్కాల్లాగా. నేనూ తెచ్చుకున్నాను.

చరిత్ర పాఠాలు మొదలయ్యాక గానీ ఇది నాకు చదువులా అనిపించలేదు. బయోఎథిక్స్ అన్న మాటని 1970లో ప్రచారంలోకి తెచ్చిన పాటర్ ఒక క్యాన్సర్ పరిశోధకుడు. ఆయన మనసులో ఉన్నది భూమి, అడవులు, మనిషి మనుగడ. మాట ఆయనదే గానీ, దాన్ని ఆసుపత్రుల వైపు లాక్కెళ్ళింది వేరేవాళ్ళు. ఆ లాగడం వెనక ఏ మహా తత్వవేత్తో ఉంటాడనుకున్నాను. లేడు. ఉన్నది కొందరు పాఠకులు.

వాళ్ళలో ఒకరు హెన్రీ బీచర్. (బీచమ్, బీచర్ ఇద్దరూ పరీక్షలో నన్ను బాగానే తికమక పెట్టారు.) హార్వర్డ్‌లో మత్తు వైద్యుడు. 1966లో ఆయనో వ్యాసం రాశాడు. అందులో 22 ప్రయోగాలున్నాయి. మానసిక వైకల్యం ఉన్న పిల్లలకి కావాలని కామెర్ల వైరస్ ఎక్కించడం, ముసలి రోగులకి బతికున్న క్యాన్సర్ కణాలు ఇంజెక్ట్ చేయడం లాంటివి. ఇవేవీ రహస్య పత్రాల్లోంచి తవ్వి తీసినవి కావు. అప్పటికే పేరున్నవాళ్ళు పేరున్న పత్రికల్లో గొప్పగా అచ్చువేసుకున్న పరిశోధనలు. అందరూ చదివినవే. బీచర్ వాటిని రోగి వైపు నుంచి చదివాడు, అంతే తేడా.

టస్కీగీ కథ ఇంకా ఘోరం. 1932లో అమెరికా ప్రజారోగ్య శాఖ అలబామా రాష్ట్రం, మేకన్ కౌంటీలో 600 మంది నల్లజాతి మగవాళ్ళని పోగుచేసింది. 399 మందికి సిఫిలిస్ ఉంది, 201 మందికి లేదు. జబ్బు పేరు చెప్పలేదు. 'చెడు రక్తం' అన్నారు. వైద్యం చేస్తున్నామని నమ్మించి, చేయకుండా వదిలేస్తే ఆ జబ్బు మనిషిని ఎలా తింటుందో రాసుకుంటూ కూర్చున్నారు. 1940ల చివరికి పెన్సిలిన్ మామూలు మందైపోయింది. అయినా ఇవ్వలేదు. చనిపోతే శవపరీక్షకి ఒప్పుకున్న కుటుంబానికి దహన ఖర్చులని, కాదు, అక్కడ ఖనన ఖర్చులు, ఇచ్చేవారు. పేద కౌలుదార్లు. గౌరవంగా సాగనంపడమనేది వాళ్ళకి చిన్న విషయం కాదు.

దీన్ని చాలామంది 'రహస్య ప్రయోగం' అంటారు. సినిమాకి ఆ మాట బావుంటుంది. నిజానికి 1936 నుంచీ దీని ఫలితాలు వైద్య పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. డాక్టర్లు చదువుతూనే ఉన్నారు. 1964లో 'ముప్పయ్యేళ్ళ పరిశీలన' అని ఇంకో వ్యాసం వచ్చింది. డెట్రాయిట్‌లో ఇర్విన్ షాట్జ్ అనే యువ డాక్టరు అది చదివి, రాసినవాళ్ళకి 1965లో ఉత్తరం రాశాడు. నయం చేయగల జబ్బుని చూస్తూ కూర్చోవడమేమిటని దాని సారాంశం. ఇలాంటి ఉత్తరం ఇదే మొదటిది, జవాబివ్వదలచుకోలేదు అని ఒక నోట్ రాసి ఫైల్లో పెట్టేశారు. ముప్పయ్యేళ్ళు, అన్ని వ్యాసాలు, మొదటి ఉత్తరం!

ఇంకొకరు పీటర్ బక్స్‌టన్. ఈయన డాక్టరు కూడా కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో అదే ప్రజారోగ్య శాఖలో సుఖవ్యాధుల విభాగంలో చిన్న ఉద్యోగి. తోటి ఉద్యోగులు మాట్లాడుకుంటుంటే విని, కాగితాలు తెప్పించుకుని చదివాడు. 1966లో పైవాళ్ళకి రాశాడు. పిలిచి చీవాట్లు పెట్టారు. ఉద్యోగం మానేసి, లా చదువుతూ 1968లో మళ్ళీ రాశాడు. 1969లో ఒక కమిటీ కూర్చుని, కొనసాగించడమే మంచిదని తేల్చింది. చివరికి ఆయన ఆ కాగితాలు విలేకరుల చేతిలో పెట్టాడు. 1972 జూలై 25న వార్త వచ్చింది, కొన్ని నెలల్లో ప్రయోగం ఆగింది. 1974లో చట్టం, దాని కింద ఒక కమిషన్, 1979లో బెల్మాంట్ నివేదిక. దాన్ని రాయడంలో పాలుపంచుకున్నవాడే మన టామ్ బీచమ్. నేను ఎక్కాల్లాగా అప్పజెప్పిన సూత్రాల పుట్టుక ఇది.

అప్పుడు నియమాల్లేవు కాబట్టి జరిగింది, ఇప్పుడున్నాయి కదా అని క్లాసులో ఒకాయన అన్నాడు. జర్మనీలో 1931లోనే మనుషుల మీద ప్రయోగాలకి అనుమతి తప్పనిసరి అని ప్రభుత్వం నియమాలు పెట్టింది. నాజీ శిబిరాల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. 1947లో నురెంబర్గ్ నియమావళి మొదటి వాక్యంలోనే సమ్మతి గురించి చెప్పింది. టస్కీగీ ఆ తర్వాత పాతికేళ్ళు నడిచింది.

చివరి అసైన్‌మెంట్‌కి మీ ప్రాంతపు కేసు ఒకటి రాయమన్నారు. మాది కొత్తగూడెం. మా ప్రాంతంలో ఏముంటుందిలే అనుకుంటూ వెతికితే మా ఊరి పేరే కనపడింది.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా గార్డసిల్ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. గేట్స్ ఫౌండేషన్ డబ్బు. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్ళలో ఎంతోమంది హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు. గుజరాత్‌లో వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది. ఇది ప్రయోగం కాదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. ఆ ఏడాది నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. పండగలకి ఊరెళ్ళి వస్తున్నాను. నాకేం తెలియదు.

కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి, మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించాయి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పోయారు. టీకాకీ ఆ చావులకీ సంబంధం లేదని విచారణల్లో తేల్చారు. లోతుగా చూడకుండానే తేల్చేశారని పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. 2013 ఆగస్టులో వచ్చిన ఆ సంఘం నివేదిక నాకు దొరికింది. పొడిపొడి ఆఫీసు ఇంగ్లీషు. ఒక రాత్రి మొత్తం చదివాను.

సమ్మతి పత్రాల లెక్క అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వంద పత్రాలు తీసి చూస్తే 69 మీద సాక్షి సంతకం లేదు. చాలావాటి మీద తేదీ లేదు. ఒకే మనిషి ఏడు పత్రాల మీద సంతకం చేశాడు. కొన్నిచోట్ల టీకా ముందు వేసి, సంతకం తర్వాత తీసుకున్నారు. తల్లిదండ్రుల బదులు హెడ్‌మాస్టర్లు సంతకం పెట్టమని ప్రభుత్వమే ఆదేశమిచ్చిందట.

వేలిముద్ర తప్పేం కాదు. మా నానమ్మ బతికున్నన్నాళ్ళూ వేలిముద్రే వేసింది. పక్కన కూర్చుని చదివి చెప్పే మనిషి ఉంటే అది నా సంతకం కంటే గట్టిది. వార్డెన్‌ని తిట్టడం కూడా సులువే. బియ్యానికీ, సబ్బులకీ, స్కాలర్‌షిప్పులకీ రోజూ సంతకాలు పెట్టే మనిషి, పైనుంచి ఆర్డరొస్తే ఇంకోటి పెట్టాడు. నా స్క్రీన్‌లో ఉన్న 'ఇతరులు' ఆయనే.

దీన్ని టస్కీగీతో పోల్చి ఆవేశంగా రాసి పంపాను. మా మేడమ్ ఎర్ర సిరాతో, రెండింటినీ ఒకే గాటన కట్టకు బాబూ అని రాశారు. నిజమే. అక్కడ ఉన్న మందు దాచారు, ఇక్కడ పనిచేసే టీకాయే ఇచ్చారు. నాకు ఎక్కువ బాధ అక్కడే. మంచి టీకాని ఇలాంటి కాగితాల మీద తీసుకొచ్చి అనుమానాల పాలు చేశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అది దేశవ్యాప్త కార్యక్రమంలోకి రాలేదు. ఈ దేశంలో ఆ క్యాన్సర్‌తో పోయే ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇప్పటికీ వాట్సాప్‌లో ఖమ్మం పేరు చెప్పి టీకా వద్దనేవాళ్ళు కనిపిస్తారు. ఖమ్మం పేరెత్తితేనే టీకా వ్యతిరేకి అని ముద్ర వేసేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరిలో ఎవరూ ఆ నివేదిక తెరిచి ఉండరని నా అనుమానం.

పోయిన శనివారం అక్కతో క్లినిక్‌కి నేనూ వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక ఇంగ్లీషు కాగితం, పెన్ను ఇచ్చి, కింద ఎక్కడ పెట్టాలో ఇంటూ మార్కు వేసి చూపించింది. అక్క పెన్ను తీసుకుంది. "ఆగక్కా, చదువుదాం" అన్నాను. "నువ్వు చదివావుగా, చాల్లే" అంది. ఈలోగా మా కోడలు కాగితం లాక్కుని, ఒక్కో వాక్యం చదివి వాళ్ళమ్మకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఆగి, "మామయ్యా, నొప్పి ఉంటుందని రాశారు గానీ ఎంతో రాయలేదు" అంది. డాక్టరమ్మని అడుగుదామన్నాను. మా వెనక ఉన్నావిడని ముందు లోపలికి పంపించారు.