రెండు ఓట్ల నడుమ చర్చ: విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర తరగతిలో సహపాఠి బోధన

సారాంశం

తరగతిలో అడిగిన ప్రశ్నకు విద్యార్థులంతా ఫోన్ ద్వారా జవాబివ్వడం, ఎంతమంది ఏ జవాబు ఎంచుకున్నారో క్షణాల్లో తెలియడం ఇప్పుడు సులభం. అయితే అవగాహనను పెంచేది పోలింగ్ సాధనం కాదు, మొదటి ఓటుకూ రెండో ఓటుకూ మధ్య పక్కవారితో సాగే వాదనే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు రసాయన సమతాస్థితి పాఠంలోని ఒక ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సహపాఠి బోధన, పోలింగ్, భావనా ప్రశ్న, రసాయన సమతాస్థితి

నేపథ్యం

వాయు నియమాల లెక్కలు చక్కగా చేసే విద్యార్థుల్లో చాలామంది, అదే విషయాన్ని అణువుల బొమ్మలు చూపి అడిగితే తడబడతారని 1987లో నరెన్‌బర్న్, పికరింగ్ అనే పరిశోధకులు చూపించారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్‌కూ తన తరగతిలో ఇలాంటి అనుభవమే ఎదురైంది. 1991లో ఆయన సహపాఠి బోధన మొదలుపెట్టారు. అధ్యాపకుడు కొంత పాఠం చెప్పి, లెక్కతో పనిలేని ఒక భావనా ప్రశ్న వేస్తాడు. విద్యార్థులు ఎవరికి వారు ఆలోచించి ఓటు వేస్తారు. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగా చెబితే చర్చకు వదిలి, మళ్లీ ఓటు వేయిస్తాడు. అంతకంటే తక్కువైతే భావనను మళ్లీ వివరిస్తాడు. ఎక్కువైతే ముందుకు సాగుతాడు.

ఒక ప్రశ్న, ఒక వాదన

స్థిర ఘనపరిమాణం గల పాత్రలో నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియా సమతాస్థితిలో ఉన్నాయి. ఉష్ణోగ్రత మార్చకుండా ఆర్గాన్ పంపితే అమ్మోనియా పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా?

లీ చాటెలియర్ నియమాన్ని కంఠస్థం చేసినవారు చాలావరకు ‘పెరుగుతుంది’ అంటారు. “పీడనం పెరిగింది కదా, నాలుగు మోల్‌లు రెండయ్యే వైపు జరగాలి” అన్నది వారి తర్కం. “మొత్తం పీడనం పెరిగింది సరే, హైడ్రోజన్ పాక్షిక పీడనం పెరిగిందా?” అని పక్కవాడు అడిగితే ఆ తర్కం నిలవదు. వాయువుల్ని ఆదర్శ వాయువులుగా తీసుకుంటే ఏ పాక్షిక పీడనమూ మారలేదు. కాబట్టి సమతాస్థితీ మారదు.

వెంటనే రెండో ప్రశ్న వేయాలి: ఇదే పని స్థిర పీడనం వద్ద చేస్తే? ఇప్పుడు ఘనపరిమాణం పెరుగుతుంది, పాక్షిక పీడనాలన్నీ తగ్గుతాయి, తిరోగామి చర్య ముందుకొచ్చి అమ్మోనియా తగ్గుతుంది. మొదటి జవాబును పక్కవాడిని చూసి మార్చుకున్నవారెవరో, అర్థం చేసుకుని మార్చుకున్నవారెవరో ఇక్కడ తేలుతుంది.

ఆధారాలు

విద్యార్థులు అర్థం చేసుకుని జవాబు మార్చుకుంటున్నారా, పక్కవారిని చూసి మార్చుకుంటున్నారా అన్న సందేహాన్నే కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు జన్యుశాస్త్ర తరగతిలో, ఒకే భావనపై వేసిన 16 జతల ప్రశ్నలతో పరీక్షించారు. 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, చర్చ తర్వాత విడిగా ఇచ్చిన జత ప్రశ్నకూ విద్యార్థులు మెరుగ్గా జవాబిచ్చారు. గుంపులో ఎవరికీ మొదట సరైన జవాబు తెలియని చోట కూడా చర్చ మేలు చేసిందని వారి విశ్లేషణ. కెనడాలో లాస్రీ అనే పరిశోధకుడు 2008లో క్లిక్కర్లనూ (ఓటు నొక్కే చేతి పరికరాలనూ), చేత్తో ఎత్తి చూపే అట్టలనూ పోల్చి, నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని తేల్చారు. అంటే ఇంటర్నెట్ లేని కళాశాలలోనూ ఈ పద్ధతి సాధ్యమే.

మన తరగతులకు

ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) కోచింగ్‌లో మన విద్యార్థి నాలుగు ఐచ్ఛికాలతో వేగం నేర్చుకుంటాడు. తన ఎంపికను సమర్థించుకునే అవసరం అక్కడ రాదు. సహపాఠి బోధన అడిగేది ఆ సమర్థననే. ఇంగ్లీషులో లేచి మాట్లాడటానికి జంకే విద్యార్థి కూడా పక్కవారితో తెలుగులో ధైర్యంగా వాదిస్తాడు. ఆ వాదనను అల్లరిగా చూడకూడదు. చర్చకు ముందే ఓట్ల గ్రాఫ్ చూపితే విద్యార్థులు మెజారిటీ వైపు మొగ్గే ప్రమాదం ఉంది కనుక దాన్ని రెండో ఓటు దాకా దాచాలి.

ముగింపు

సిలబస్ పూర్తికాదన్న భయం సహజమే. కానీ అర్థంకాని పాఠాన్ని పూర్తిచేయడం బోధన కాదు. గంటకు ఒక్క మంచి ప్రశ్న, దానిపై కొన్ని నిమిషాల వాదన: ఈపాటి సమయాన్ని ప్రతి రసాయనశాస్త్ర అధ్యాపకుడూ కేటాయించాలి.