ఒక్క చేయి, మూడు గదులు

2004లో మా ఇంటి కంప్యూటర్‌లో 80 జీబీ హార్డ్‌డిస్క్ ఒక్కటే ఉండేది. అసెంబుల్ చేసిచ్చిన కుర్రాడు దాన్ని సి, డి, ఇ అని మూడు భాగాలు చేశాడు. చెల్లి పెళ్లి వీడియోను క్యాసెట్ నుంచి డి డ్రైవ్‌లోకి దించాం. గంట వీడియో, దాదాపు 13 జీబీ. దాన్ని ఇ డ్రైవ్‌లోకి కాపీ పెడితే రెండు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. అంతసేపూ మౌస్ బాణం ఆగి ఆగి గెంతుతోంది. పెట్టెకు చెవి ఆనిస్తే లోపల టకటకమని తెరిపి లేని చప్పుడు. ఒకే డిస్క్‌లో ఈ గదిలోంచి పక్క గదిలోకి సామాను మార్చడానికి ఇంతసేపా? ఆ ప్రశ్న వెంట పడితే 1950ల కాలిఫోర్నియా దాకా వెళ్లాల్సి వచ్చింది.

శాన్ హోసే నగరం, నోటర్‌డామ్ అవెన్యూ, 99వ నంబరు భవనం. 1952లో ఐబీఎం అక్కడ ఒక చిన్న ప్రయోగశాల తెరిచి రేనాల్డ్ జాన్సన్‌కు అప్పగించింది. ఆయన అంతకుముందు హైస్కూల్లో మాస్టారు. పిల్లలు జవాబుపత్రం మీద పెట్టిన పెన్సిల్ గుర్తులను చదివి మార్కులు లెక్కగట్టే యంత్రం ఆయన ఆలోచనే. ఆ రోజుల్లో వ్యాపారుల లెక్కలన్నీ కార్డుల కట్టల్లోనో టేపుల్లోనో ఉండేవి. మధ్యలో ఎక్కడో ఉన్న ఒక్క ఖాతా చూడాలన్నా టేపును అక్కడిదాకా తిప్పాల్సిందే. పుస్తకంలో కావలసిన పేజీ తీసినట్టు నేరుగా అక్కడికే వెళ్లే దారి కోసం జాన్సన్ బృందం వెతికింది.

తిరిగే పళ్లేల మీద రాద్దామన్నారు. సరే, అల్యూమినియం పళ్లేనికి అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్ రంగు పూయాలి. పూతలో ఎక్కడా ఎగుడుదిగుడు ఉండకూడదు. రంగును నైలాన్ మేజోడులో వడగట్టి, కాగితపు కప్పుతో కొలిచి, గిర్రున తిరుగుతున్న పళ్లెం మధ్యలో పోశారు. ఆ తిరుగుడుకు అది తనంతట తానే అంచుల దాకా పలచగా పరుచుకుంది. గరిటె తగలకుండా దోసె పిండి పరుచుకున్నట్టు! ఈ ముచ్చట మొదటిసారి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

1956 సెప్టెంబరులో ఆ బృందం తయారుచేసిన రామాక్ యంత్రం లోకం ముందుకొచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, అన్నీ ఒకే ఇరుసుకు. నిమిషానికి 1200 చుట్లు. టన్నుకు పైబడిన బరువు. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఆ 50 పళ్లేలకూ కలిపి తిరిగే చేయి మాత్రం ఒక్కటే. ఒక పళ్లెం నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే చేయి పూర్తిగా బయటికొచ్చి, నిలువునా ఎక్కో దిగో, మళ్లీ లోపలికి దూరాలి. సగటున 0.6 సెకను పట్టేది. టేపుతో పోలిస్తే అది మెరుపు.

1961లో ఐబీఎం ప్రకటించిన 1301 యంత్రంలో దువ్వెన పళ్లలా ప్రతి తలానికీ చదివి రాసే హెడ్ ఒకటి వచ్చింది. ఎక్కి దిగే పని తప్పింది. కానీ దువ్వెన మొత్తం ఒక్కటిగానే కదులుతుంది. ఒక పన్ను ఇక్కడ, ఇంకో పన్ను అక్కడ ఉండటం కుదరదు. ఇళ్లలోకి వచ్చిన హార్డ్‌డిస్కులన్నీ దాని సంతానమే.

ఇక గదుల సంగతి. 1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్క్‌తో వచ్చింది. దానితోపాటే డాస్ 2.0, అందులో డిస్క్‌ను భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామ్. ఒకే డిస్క్‌ను రెండు మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు పంచుకోవడానికి ఆ ఏర్పాటు. డిస్క్ మొదటి సెక్టార్‌లో 64 బైట్లు, నాలుగు భాగాలకు తలా 16. ఫలానా భాగం ఇక్కడ మొదలై ఇంత దూరం అని రాసిపెట్టుకునే చిట్టా, అంతే. తర్వాత డిస్కులు పెరిగాయి, డాస్ మాత్రం ఒక భాగంలో 32 ఎంబీకి మించి లెక్కపెట్టలేకపోయింది. సెక్టార్ నంబరుకు 16 బిట్లే కేటాయించారు మరి: 65,536 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. అందుకే 1987లో డాస్ 3.3 పెద్ద డిస్కును డి, ఇ అంటూ ముక్కలు చేసుకునే వీలు కల్పించింది. ఆ ఇబ్బంది తీరిపోయాక కూడా మన దగ్గర అలవాటు నిలిచిపోయింది. సిలో విండోస్, డిలో పాటలు, ఇలో ఫొటోలు. వైరస్ పడి సిని ఫార్మాట్ కొట్టినా మిగతావి భద్రం. చాలా ఇళ్ల పెళ్లి ఫొటోలను కాపాడిన ఏర్పాటు అది, దాన్ని తప్పుపట్టను.

అయితే గోడలు చిట్టాలోనే ఉన్నాయి, డిస్క్ మీద లేవు. డిలోపలే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే డి సొంత ఫైళ్ల పట్టికలో చిరునామా మారుతుంది, రెప్పపాటులో అయిపోతుంది. డి నుంచి ఇకి అంటే ప్రతి బైటూ చదివి మళ్లీ రాయాలి. ఒక్క చేయి డి దగ్గర గుప్పెడు తీసుకుని, ఇ దాకా వెళ్లి పెట్టి, తిరిగి రావాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్కో ప్రయాణానికి తొమ్మిది మిల్లీసెకన్లు, కావలసిన సెక్టార్ హెడ్ కిందికి వచ్చేదాకా సగటున ఇంకో నాలుగు. గుప్పెడు 64 కేబీ అనుకుంటే దాన్ని చదవడానికి ఒకటిన్నర మిల్లీసెకను కూడా పట్టదు. పని గోరంత, నడక కొండంత. నేను విన్న టకటక ఆ నడకే.

కానీ మౌస్ బాణం గెంతడానికి అది కారణం కాదు. మా కంప్యూటర్ డివైస్ మేనేజర్‌లో, డిస్క్ కేబుల్ తగిలే ప్రైమరీ ఐడీఈ చానల్ తెరిచి చూస్తే మోడ్ దగ్గర ‘పీఐఓ’ అని ఉంది. అంటే డిస్క్ నుంచి వచ్చే ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోస్తోంది. డీఎంఏ పద్ధతిలో ఆ మోత ప్రాసెసర్ మీద పడదు, డేటా నేరుగా మెమరీలోకి చేరుతుంది. విండోస్ ఎక్స్‌పీ తీరేమిటంటే, డీఎంఏలో పొరపాట్లు ఆరుసార్లు పోగుపడితే వేగం ఒక మెట్టు తగ్గిస్తుంది, అలా దిగుతూ దిగుతూ పీఐఓ దగ్గర ఆగుతుంది. మళ్లీ తనంతట తాను పైకెక్కదు. పెట్టె విప్పి చూస్తే 80 తీగల రిబ్బన్ కేబుల్ మూత కింద నలిగి, ఒక మూల మడతపడి ఉంది.

కొత్త కేబుల్ వేసి, డివైస్ మేనేజర్‌లో ఆ చానల్‌ను తీసేసి, రీస్టార్ట్ చేశాను. విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపట్టి ‘అల్ట్రా డీఎంఏ మోడ్ 5’ అని చూపించింది. మౌస్ తేలిగ్గా కదిలింది. రెండు గంటల కాపీ పావుగంటలో అయింది. టకటక మాత్రం అలాగే ఉంది.

కొన్ని నెలల తర్వాత ఇంకో డిస్క్ కొని రెండో చానల్‌కు తగిలించాను. ఒకే కేబుల్ మీద రెండూ పెడితే వంతులవారీగా పనిచేస్తాయని అప్పటికే తెలిసింది. అదే వీడియో, అదే 13 జీబీ. పాత డిస్క్‌లో చేయి చదువుతూ పోయింది, కొత్తదాంట్లో ఇంకో చేయి రాస్తూ పోయింది. ఆరేడు నిమిషాల్లో ముగిసింది. పెట్టెకు చెవి ఆనించాను. ఫ్యాన్ గాలి తప్ప పెద్దగా ఏమీ వినబడలేదు.