అమెరికా అధ్యక్షుని ప్రమాణము



నా చిన్ననాట మా యూరి శివాలయమున జరిగిన యొక సంగతి నాకిప్పటికిని జ్ఞప్తియం దున్నది. పొలముగట్టు తగవులో చిక్కిన యొక పేదరైతును గుడిమెట్లమీద నిలువబెట్టి, దీపమార్పి ప్రమాణము చేయుమని పెద్దలు చెప్పిరి. అతడు వణకుచున్న చేతితో దీపమార్పెను. తీర్పు చెప్పవచ్చిన పెద్దలలో నొక్కడును తాను ధర్మము తప్పనని ఒట్టు పెట్టుకొనలేదు. పెట్టుకొనుమని యడిగినవాడును లేడు. ప్రమాణమనునది బలహీనుడు బలవంతుల యెదుట చేయవలసినదేనా యని నా మనస్సునకు నాడే తోచినది. ఆ ప్రశ్నకు సమాధానము చాలకాలమునకు చరిత్ర గ్రంథములలో దొరికినది. నేడు దానినే మీతో ముచ్చటింపదలచితిని.

పాలించువాడు ప్రమాణము చేయవలెనను మాట మనకు కొత్తది గాదు. ఐతరేయ బ్రాహ్మణమున ఐంద్ర మహాభిషేకమును వర్ణించు చోట, తాను పురోహితునకు ద్రోహము తలపెట్టినచో పుట్టినది మొదలు గిట్టువరకు చేసిన పుణ్యమును, ఆయువును, సంతానమును కోల్పోవుదునని రాజు శపథము చేయవలెనని యున్నది. ఇంగ్లండులో 1689వ సంవత్సరపు శాసనమువలన, పార్లమెంటు చేసిన చట్టముల ననుసరించియే పాలింతునని రాజు పట్టాభిషేక సమయమున ప్రమాణము చేయవలసి వచ్చెను. అయినను వీరికి సింహాసనము వంశక్రమమున వచ్చినది. వంశము లేక, కిరీటము లేక, ప్రజలెన్నుకొన్న యొక మనుష్యుడు ఒక్క వాక్యము పలికి మహాదేశమునకు అధిపతి యగు వింతను లోకమునకు చూపినవారు అమెరికావారు.

అమెరికా రాజ్యాంగమును వ్రాసిన పెద్దలు ఆ వాక్యమును రాజ్యాంగములోనే చేర్చిరి. ఇంగ్లీషున నది 35 మాటలు మాత్రమే. అధ్యక్ష పదవిని విశ్వాసముతో నిర్వహింతుననియు, శక్తికొలది రాజ్యాంగమును సంరక్షింతుననియు దాని తాత్పర్యము. ఆ వాక్యమున రాజు పేరు లేదు, మతము పేరు లేదు, పక్షము పేరు లేదు. ఒట్టు పెట్టుట తమ మతమున కూడదను వారుకూడ నుందురు గావున, 'ప్రమాణము చేయుచున్నాను' అనుటకు మారుగా 'దృఢముగా చెప్పుచున్నాను' అనవచ్చునని సెలవిచ్చిరి. 1853లో ఫ్రాంక్లిన్ పియర్సు ఒక్కడే అట్లు పలికెను. చివర దైవసహాయమును కోరు మాట రాజ్యాంగమున లేదు. అది వాడుకచే వచ్చినది. బైబిలుపై చేయి యుంచుటయు నట్టిదే.

మొదటి ప్రమాణము 1789వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన న్యూయార్కు నగరమున జరిగెను. జార్జి వాషింగ్టను తన దేశమున నేసిన గోధుమవన్నె బట్టతో కుట్టిన దుస్తులు ధరించి, ఫెడరల్ హాలను భవనపు మేడవసారాలోనికి వచ్చి, వీథిలో క్రిక్కిరిసిన ప్రజలకు కనబడునట్లు నిలిచెను. యుద్ధము గెలిచిన సేనాని విదేశపు పట్టు విడిచి స్వదేశపు బట్ట కట్టుటలోని భావము మనకు వేరుగా చెప్పనక్కరలేదు. అప్పటికింకను దేశపు సుప్రీముకోర్టు ఏర్పడలేదు. అందుచే న్యూయార్కు రాష్ట్రపు ప్రధాన న్యాయాధికారి యగు రాబర్టు లివింగ్‌స్టను ప్రమాణము చేయించెను. సమయమునకు బైబిలు సిద్ధముగా లేకపోగా, దగ్గరనున్న యొక సంఘమందిరమునుండి ఎరవు తెచ్చిరి.

అధికారమును స్వీకరించుటకంటె దానిని విడుచుట కష్టము. ఈ యాచారమునకు నిజమైన పరీక్ష 1801లో వచ్చెను. అధ్యక్షుడగు జాన్ ఆడమ్సు ఎన్నికలో నోడిపోయెను. గెలిచిన జెఫర్సను ప్రతిపక్షమువాడు. పరస్పర ద్వేషము మిక్కుటముగా నుండెను. మార్చి 4వ తేదీన ఆడమ్సు తెల్లవారకమునుపే రాజధాని విడిచి వెడలెను. జెఫర్సను తన బసనుండి శాసనసభా భవనమునకు నడచిపోయి ప్రమాణము చేసెను. ఆడమ్సు కోపగించెను గాని కత్తి దూయలేదు. పదవి దిగువాడు దగ్గర నుండుట మర్యాదయే గాని యవశ్యకము గాదని నాడే తేలినది.

ఆ దినములలో ఎన్నికకును ప్రమాణమునకును నడుమ నాలుగు నెలల యెడముండెడిది. గుఱ్ఱపుబండ్ల కాలమున కది తగినదే. కాని ఆ యెడమువలన గొప్ప కీడు కలిగెను. 1860 నవంబరులో ఎన్నికైన లింకను 1861 మార్చి 4న ప్రమాణము చేయులోపుననే యేడు రాష్ట్రములు దేశమునుండి విడిపోయితిమని ప్రకటించెను. దిగిపోవువానికి బలము చాలలేదు. రాబోవువానికి అధికారము లేదు. 1932, 1933 సంవత్సరముల నడుమ బ్యాంకులు కూలుచున్నపుడును దేశమట్లే దిక్కుతోచక నిలిచెను. తుదకు 1933లో రాజ్యాంగమును సవరించి, జనవరి 20వ తేదీ మధ్యాహ్నము 12 గంటలకు పాత యధ్యక్షుని గడువు ముగియునని నిర్ణయించిరి. 1937 మొదలు ఆ తేదీయే యాచరణయందున్నది.

అన్ని ప్రమాణములకును ముహూర్తము ముందుగా తెలియదు. 1841లో అధ్యక్షుడు హారిసను, చలిగాలిలో దాదాపు రెండు గంటలు ఉపన్యసించి పదవి చేపట్టినవాడు, ఒక నెలకే మరణించెను. ఉపాధ్యక్షుడగు టైలరు అధ్యక్షుడా, లేక తాత్కాలికముగా పని చూచువాడా యని సందేహము పుట్టెను. వేరుగా ప్రమాణము చేయనక్కరలేదని టైలరు తలంచెను. అయినను ఎవ్వరికిని శంక మిగులరాదని న్యాయాధిపతి యెదుట ఆ వాక్యము పలికెను. అప్పటినుండి అదియే త్రోవ యైనది.

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కరగించినది 1923వ సంవత్సరపు ఘట్టము. అధ్యక్షుడు హార్డింగు ఆగస్టు 2వ తేదీ రాత్రి దేశపు పడమటితీరమున మరణించెను. ఉపాధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జి అప్పుడు వెర్మాంటు రాష్ట్రములో ప్లిమత్ నాచ్ అను చిన్న పల్లెలో తన తండ్రి యింట నిద్రించుచుండెను. ఆ యింట విద్యుద్దీపములు లేవు, టెలిఫోను లేదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట వార్తాహరులు వచ్చి తలుపు తట్టిరి. ముసలితండ్రి కొడుకును లేపెను. ఆ తండ్రి దస్తావేజులను ధ్రువపరచు నోటరీ. ప్రమాణము చేయించు హక్కు కలవాడు. తెల్లవారుజామున 2 గంటల 47 నిమిషములకు, కిరసనాయిలు దీపపు వెలుతురులో, తండ్రి యొక్కొక్క మాట చెప్పగా కొడుకు పలికెను. సైన్యము లేదు, మేళము లేదు. కొడుకు తిరిగి పోయి నిద్రించెను. రాష్ట్రపు నోటరీకి దేశాధ్యక్షునిచే ప్రమాణము చేయించు హక్కు కలదా యని పిమ్మట కొందరు శంకింపగా, కూలిడ్జి రాజధానిలో నొక న్యాయాధిపతి యెదుట సద్దుచేయక మరల ప్రమాణము చేసెను. ఈయనయే 1925లో రెండవమారు పదవి చేపట్టినపుడు ఆ ప్రమాణము రేడియోలో ప్రసారమయ్యెను. అమెరికా అధ్యక్షుని ప్రమాణము రేడియోలో వినబడుట అదియే మొదలు.

1963 నవంబరు 22న కెనడీ హత్యకు గురియైనపుడు, డాలసు నగరమున నిలిచియున్న విమానములోనే జాన్సను ప్రమాణము చేసెను. చేయించినది సారా హ్యూసు అను న్యాయాధికారిణి. అధ్యక్షునిచే ప్రమాణము చేయించిన మొదటి స్త్రీ ఆమెయే. 2009లో ప్రధాన న్యాయాధిపతియు ఒబామాయు ఆ వాక్యమున మాటలు ముందువెనుకలు చేయగా, మరునాడు దానిని మరల పలికిరి. 2021 జనవరి 6న శాసనసభా భవనముపై గుంపులు దాడి చేసెను. రెండు వారములకు ఆ భవనపు ముంగిటనే బైడెను ప్రమాణము చేసెను. దిగిపోవుచున్న యధ్యక్షుడు రాలేదు. గడియారము 12 కొట్టినది. అధికారము చేతులు మారినది.

ఆ 35 మాటల సారము మన రాజ్యాంగమునకును వచ్చినది. రాష్ట్రపతి చేయు ప్రమాణము 60వ యధికరణమున నున్నది. రాజ్యాంగమును సంరక్షింతుననుటతోపాటు, భారత ప్రజల సేవకును క్షేమమునకును అంకితమగుదునని మనవారు చేర్చిరి. ఆ చేర్పు నాకు మిక్కిలి ప్రీతికరము. 1950 జనవరి 26న బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రధాన న్యాయాధిపతి కానియాగారి యెదుట ఆ ప్రమాణము చేసిరి. మన తెలుగునేలతో సంబంధముగల రాధాకృష్ణపండితులు 1962లోను, వి. వి. గిరిగారు 1969లోను, అనంతపురము జిల్లా ఇల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1977 జూలై 25న ఆ మాటలే పలికిరి. అది మొదలు 2022 వరకు కొత్త రాష్ట్రపతు లందరును జూలై 25వ తేదీననే ప్రమాణము చేయుచు వచ్చిరి.

మా యూరి రైతు నాడు దీపమార్పి చేసిన ప్రమాణమును ఊరంతయు నేండ్ల తరబడి జ్ఞాపకముంచుకొన్నది. అధికారము చేపట్టువాని ప్రమాణమును మాత్రము మనము దండలు వేసి, చప్పట్లు కొట్టి, ఆ సాయంకాలమే మరచుచున్నాము. మన గ్రామ సర్పంచి మొదలు రాష్ట్రపతి వరకు ప్రమాణము చేయనిదే యెవ్వరికిని పదవి లేదు. పెద్దలారా, ఇకమీదట మీ యూర సర్పంచి ప్రమాణము చేయునపుడు మేళము నొక నిమిష మాపించి, ఆ వాక్యము నొకమారు చెవియొగ్గి వినుడు. అతడు తప్పిననాడు దానిని గుర్తుచేయుటకు విన్నవారే సాక్షులు గదా.