పిచ్చాసుపత్రిలో పుట్టిన పసిబడి

మాంటిస్సోరి పేరున్న బోర్డు లేని తెలుగు పట్టణం దొరకడం కష్టం. ఆ బోర్డు చూసి పిల్లల్ని నర్సరీలో చేర్చే తల్లిదండ్రులకు ఆ పేరంటే రంగురంగుల చెక్క సామాను, ఇంగ్లీషు మీడియం, కాస్త ఎక్కువ ఫీజు. మాట రాని పిల్లాణ్నో, బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లనో వెంటబెట్టుకుని వెళ్తే మాత్రం, చాలా నర్సరీల్లో గుమ్మం దగ్గరే ‘మా దగ్గర కుదరదండీ’ అనేస్తారు. ఆ చెక్క సామాను మొట్టమొదట తయారైంది అలాంటి పిల్లల కోసమే.

కథ 1800లో ఫ్రాన్స్‌లో మొదలైంది. దక్షిణాన ఆవేరాన్ ప్రాంతపు అడవుల్లో ఒంటరిగా తిరిగే పన్నెండేళ్ల ఈడు కుర్రాడొకడు జనం చేతికి చిక్కాడు. నోట మాట లేదు. వాణ్ని పారిస్‌లోని బధిరుల సంస్థకు చేర్చారు. పేరుమోసిన మనోవైద్యుడు ఫిలిప్ పినెల్ చూసి, వీడు పుట్టు మందబుద్ధి, బాగుపడడని తేల్చారు. ఆ సంస్థలోనే పనిచేస్తున్న ఝాన్ ఇటార్ అనే 26 ఏళ్ల డాక్టరు ఆ మాట ఒప్పుకోలేదు. కుర్రాడికి విక్టర్ అని పేరు పెట్టి, ఐదేళ్ల పాటు చదువు చెప్పారు. పలక మీద ఎర్రటి వృత్తం, నీలి త్రిభుజం, నల్లటి చతురస్రం అంటించి, అవే ఆకారాల అట్టముక్కల్ని వాటి మీద పెట్టించేవారు. తర్వాత విడి అక్షరాలిచ్చి జతపరచడం నేర్పారు. విక్టర్ ‘పాలు’ అన్న మాటను అక్షరాలతో పేర్చగలిగాడు కానీ, మాట్లాడటం మాత్రం రాలేదు. చివరికి ఇటార్ ఆ పని ఆపేశారు. వాణ్ని కడదాకా, అంటే 1828లో పోయేదాకా, సాకింది గెరాన్ అనే ఆవిడ.

ఆ పలకను మరుగున పడనివ్వని శిష్యుడు ఎడ్వర్డ్ సెగ్విన్. 1837లో ఇటార్ సలహాతో ఒక మందబుద్ధి బాలుడితో మొదలుపెట్టి, తర్వాత పారిస్ శివారులోని బిసెత్ర ఆసుపత్రి పిల్లలకు బోధించారు. ముందు కండరాలు, ఆ తర్వాత కన్ను, చెవి, స్పర్శ, అటు పిమ్మట ఆలోచన: ఇదీ ఆయన వరస. 1846లో పుస్తకం రాశారు. కొన్నేళ్లకు అమెరికా వెళ్లి, అక్కడ ఇలాంటి పిల్లల బడులకు దారి చూపించారు.

ఆయన పేరుతో ఉన్న ఫార్మ్ బోర్డు ఇప్పటికీ మన దేశంలో మానసిక నిపుణుల బల్ల మీద ఉంటుంది. చెక్క పలకలో పది గుంటలు. వృత్తం, చతురస్రం, నక్షత్రం, అర్ధవృత్తం లాంటి పది ఆకారాలు. దిమ్మెలన్నీ బయటికి తీసి పెట్టి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా వాటి చోట్లలో పెట్టమంటారు. మూడుసార్లు చేయించి, పట్టిన సమయం చూసి పిల్లవాడి మానసిక వయసు అంచనా కడతారు. నేర్పడానికి పుట్టిన పలక ఇలా కొలిచే పలక కూడా అయింది.

మరియా మాంటిస్సోరి ఈ కథలోకి డాక్టరుగా వచ్చారు. 1896లో రోమ్‌లో వైద్యపట్టా పుచ్చుకుని, మనోవైద్య క్లినిక్‌లో సహాయకురాలిగా చేరారు. ఆ పని మీద పిచ్చాసుపత్రులకు వెళ్తే, పెద్దల మధ్యే కుక్కి ఉంచిన పిల్లలు కనిపించేవారు. ఒకచోట పిల్లలు తిండి అయ్యాక నేల మీది రొట్టె తునకల కోసం ఎగబడుతున్నారని ఆయా చీదరించుకుంటే, ఆ ఖాళీ గదిలో చేత్తో పట్టుకోవడానికి వాళ్లకు మరేమీ లేదన్న సంగతి ఆమె గమనించారని జీవిత చరిత్రకారులు రాశారు. ఇది మందుల సమస్య కన్నా ముందు చదువు సమస్య అని 1898లో టురిన్‌లో జరిగిన ఉపాధ్యాయుల మహాసభలో వాదించారు. ఇటార్, సెగ్విన్ పుస్తకాలు చదివారు; తర్వాత వాటిని ఇటాలియన్‌లోకి తెచ్చుకుంటూ స్వదస్తూరితో రాసుకున్నారు.

1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణ బడి మొదలైంది. డాక్టర్ జుసెప్పె మోంతెసానోతో కలిసి ఆమే దాన్ని నడిపారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా అక్కడి పిల్లలతోనే గడిపేవారు. వాళ్ల కోసం చెక్కతో అక్షరాలు చేయించారు: అచ్చులకు ఎరుపు, హల్లులకు నీలం. వేలితో ఆ ఒంపులు దిద్దుతూ దిద్దుతూ పిల్లలు రాయడం నేర్చుకున్నారు. కొందరు మామూలు బడి పిల్లలతో పాటు పరీక్ష రాసి నెగ్గారు. ఊరంతా ముక్కున వేలేసుకుంటే, ఆమె ఆలోచన ఇంకోవైపు వెళ్లింది. ఈ పిల్లలే ఇంత నేర్చుకుంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు మామూలు బడుల్లో ఎందుకు వెనకబడి ఉన్నట్టు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే అవకాశం 1907లో వచ్చింది. రోమ్‌లో శాన్ లోరెంజో అనే కూలీల పేటలో ఒక గృహనిర్మాణ సంస్థ ఇళ్లు బాగుచేయించింది. తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని, వాళ్లను ఒక గదిలో చేర్చి చూసుకోమని ఆమెను పిలిచింది. జనవరి 6న యాభైమంది దాకా పిల్లలతో ‘కాసా దెయ్ బంబీని’ మొదలైంది. మందబుద్ధి పిల్లల కోసం చేసిన సామానులో చాలావరకు ఇక్కడికి వచ్చింది. చెక్క అక్షరాలు మళ్లీ చేయించడం కుదరక, గరుకు కాగితాన్ని అక్షరాలుగా కత్తిరించి అట్టల మీద అంటించారు. నేటికీ మాంటిస్సోరి బడుల్లో పిల్లలు వేలితో దిద్దే గరుకు అక్షరాలు ఇవే.

పద్ధతి ప్రపంచమంతా తిరిగింది. ఎవరి కోసం పుట్టిందో ఆ పిల్లలు మాత్రం ప్రత్యేక సంస్థల్లో, వేరే తరగతుల్లో ఉండిపోయారు. పసిబడి మామూలు పిల్లలదైంది. ఇటలీలో కూడా ఇదే తంతు అరవై ఏళ్లకు పైగా నడిచింది.

1960ల చివర అక్కడ తలెత్తిన ఉద్యమాలు పిచ్చాసుపత్రుల తలుపుల్నే కాదు, ప్రత్యేక బడుల తలుపుల్ని కూడా తట్టాయి. 1971 నాటి 118వ చట్టం, వైకల్యం మరీ తీవ్రమైతే తప్ప, దివ్యాంగ పిల్లల నిర్బంధ విద్య మామూలు తరగతుల్లోనే సాగాలంది. అదే నియమం బడికి ముందున్న పసిబడులకూ వర్తిస్తుందని రాసింది. 1977లో 517వ చట్టం వేరే తరగతుల్ని ఎత్తేసి, సహాయక టీచర్లను తెచ్చింది. 1992లో 104వ చట్టం ఇంకా కిందికి దిగింది: సున్నా నుంచి మూడేళ్ల లోపు దివ్యాంగ శిశువుకు శిశుసంరక్షణ కేంద్రంలో చోటు ఉండి తీరాలంది. రెజ్జో ఎమీలియా పట్టణపు పురపాలక శిశుకేంద్రాల్లోనైతే, వీళ్లను ‘ప్రత్యేక హక్కులున్న పిల్లలు’ అంటారు. ప్రవేశాల్లో వాళ్లదే మొదటి వరస.

మన దాకా మాంటిస్సోరి స్వయంగా వచ్చారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారుకు చేరి, మొదటి కోర్సులోనే దాదాపు 300 మందికి శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. మద్రాసు నుంచి ఆ పేరు తెలుగునాటికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు: విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో స్థాపించిన మాంటిస్సోరి బడి పేరెన్నికగన్నది. పేరూ సామానూ వచ్చాయి కానీ, వాటి వెనకున్న పిల్లల సంగతి వెంట రాలేదు.

పేదింటి పసివాడి బడి వేరే దారిలో వచ్చింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య పాఠాలు దాని ఆరు సేవలు. వైకల్యానికి ఆ జాబితాలో వేరే చోటు లేదు. అంగన్‌వాడీ టీచరు బరువు తూచి, గుడ్డు పెట్టి, పాట నేర్పుతుంది. నడవలేని పిల్లాణ్ని కేంద్రానికి ఎవరు మోసుకురావాలో మాత్రం చెప్పినవాళ్లు లేరు.

ఆ ఖాళీని దశాబ్దాల మీద కొంచెం కొంచెంగా పూడుస్తూ వస్తున్నారు. సికింద్రాబాద్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. లోపం కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. 2023 నవంబరు 28న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రొటోకాల్ విడుదల చేసింది. పిల్లవాడు ఏ నెలకు ఏం చేయగలగాలో చూసి తేడాను ముందే పట్టుకోవడం, కేంద్రంలో అందరితో కలిపి ఆడించడం, తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం, ఆశా, ఏఎన్ఎంల ద్వారా వైద్యం అందేలా చూడటం టీచరు పనిలో చేరాయి.

చట్టం సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. దివ్యాంగుల హక్కుల కోసం 2016లో వచ్చిన చట్టం పిల్లలందరికీ ఏడాదికొకసారైనా పరీక్షలు జరగాలంటుంది కానీ, ఉచిత విద్య హక్కును ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యనే ఇస్తుంది. ఆరేళ్లలోపు పిల్లవాడికి అంగన్‌వాడీలో చోటు పథకం నిబంధనల మీద, టీచరు శిక్షణ మీద ఆధారపడి ఉంది. ఇటలీలో అది 1992 నుంచి చట్టంలో రాసి ఉన్న హామీ.