సోఫీ స్కాట్

సోఫీ స్కాట్ బ్రిటన్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త. చెవిన పడిన మాట మెదడులో ఎక్కడ, ఎలా అర్థమవుతుందన్నది ఆమె పరిశోధనకు మూలప్రశ్న. 1966లో ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పుట్టారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పీహెచ్‌డీ చేశారు. పలికిన మాటలో తాళం ఏ చోట పడినట్టు వినేవారికి తోస్తుందన్నది ఆ సిద్ధాంత గ్రంథ విషయం. కొన్నేళ్లు కేంబ్రిడ్జిలో పనిచేసి, 1998లో తిరిగి తాను చదివిన చోటికే వచ్చారు.

ఆమెకు పేరు తెచ్చిన వ్యాసం 2000లో ‘బ్రెయిన్’ పత్రికలో వెలువడింది. క్యాట్రిన్ బ్లాంక్, స్టువర్ట్ రోజెన్, రిచర్డ్ వైజ్ సహ రచయితలు. వినబడటం వేరు, అర్థం కావడం వేరు. మాట వినిపిస్తూ మెదడు చిత్రం తీస్తే ఈ రెండూ కలగలిసిపోతాయి. వాటిని విడదీయడానికి నాలుగు రకాల ధ్వనులు తయారుచేశారు. మొదటిది మామూలు మాట. రెండోది బొంగురుగా, గరగరగా మార్చిన మాట; కొంత అలవాటైతే అర్థమవుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టుకున్నవారికి మాట ఎలా వినబడుతుందో ఊహించడానికి వాడేది ఇలాంటి ధ్వనినే. మిగతా రెండూ ఆ మాటల్నే పౌనఃపున్యంలో తలకిందులు చేసినవి. ధ్వనిగా అంతే చిక్కనివి, కానీ వింటే ముక్క బోధపడదు. ప్రయోగం బలమంతా ఈ పోలికలోనే ఉంది. చిత్రాలు తీయడానికి పెట్ స్కానర్ వాడారు. ఎఫ్‌ఎంఆర్‌ఐలా రొద చేయదు కనుక వినికిడి పరిశోధనకు అది అనువైనది.

అర్థమయ్యే రెండు రకాలకూ స్పందించింది ఎడమ టెంపొరల్ లోబ్ ముందు భాగం. 1874లో కార్ల్ వెర్నికే చేసిన వర్ణన నుంచీ మాటను గ్రహించే చోటు ఆ లోబ్ వెనుక భాగమన్న అభిప్రాయమే బలంగా ఉండేది. అందుకే ఈ ఫలితం చర్చకు దారితీసింది. మాటను గుర్తించడంలో మెదడు రెండు అర్ధగోళాలకూ పాత్ర ఉందని గ్రెగరీ హికాక్, డేవిడ్ పోపెల్ అనే పరిశోధకులు వాదించారు. ఆ చర్చ ఇంకా తేలలేదు.

తర్వాత ఆమె దృష్టి మాటల్లేని గొంతు మీదికి, ముఖ్యంగా నవ్వు మీదికి మళ్లింది. నమీబియాలోని హింబా ప్రజలూ, ఇంగ్లిషు మాట్లాడేవారూ ఒకరి గొంతులోని మౌలిక భావాలను మరొకరు గుర్తుపట్టగలరని చూపుతూ 2010లో వెలువడిన అధ్యయనంలో ఆమె భాగస్వామి. తెచ్చిపెట్టుకున్న నవ్వు విన్నప్పుడు, ఎదుటివారి మనసు అంచనా వేసే మెదడు భాగాలు ఎక్కువగా పనిచేస్తాయని ఆమె బృందం చూపింది.

2017లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చారు. విజ్ఞానాన్ని ప్రజలకు చేరువ చేసినందుకు 2021లో రాయల్ సొసైటీ మైకేల్ ఫారడే బహుమతి అందుకున్నారు.